కుంటడం మర్చిపోయిన పూట

ఆ రోజుల్లో మల్కాపురంలో నాకున్న ఘనత ఒక్కటే, కుంటకుండా నడవడం. అదో ఘనతా అని మీరు నవ్వచ్చు. నా కుడికాలు పుట్టుకతోనే సన్నం, పైగా ఎడమదానికంటే అంగుళన్నర పొట్టి. జాకెట్లు కుట్టే మా అమ్మ, మిగిలిన గుడ్డముక్కలన్నీ మడతపెట్టి కుట్టి నా కుడి బూటులో మెత్తలా పెట్టేది. ఆదివారం ఆరాధన అయ్యాక జనమంతా వెళ్లేదాకా ఆగి, చర్చిలో బెంచీల మధ్య నన్ను అటూ ఇటూ నడిపించేది. "భుజం దించకు. నడుం ఊపకు. సూపు ఎదర ఎట్టు," అనేది. పదో తరగతికొచ్చేసరికి ఆ విద్యలో ఆరితేరాను. (దారిలో పడి మోకాళ్లు గీరుకున్న రోజున కబడ్డీ ఆడానని చెప్పేదాన్ని. నన్నెవరూ కబడ్డీకి పిలవరన్న సంగతి అమ్మకు తెలీదనుకునేదాన్ని.)

కాలికి బలం వస్తుంది, ఈత నేర్పించమని ఒక డాక్టరు చెప్పినప్పుడు అమ్మ కాసేపు ఆలోచించి, "నీళ్లల్లో అయితే నడక అగుపడదు కదా," అని ఒప్పుకుంది. చీలమండల దాకా వచ్చే ఈతదుస్తులు తనే కుట్టింది. అవి నీళ్లు పీల్చుకుని నాకంటే బరువెక్కేవి. అయినా రెండేళ్లపాటు రోజూ పొద్దున్నే మొదటి బస్సెక్కి ఈతకొలనుకి వెళ్లి ఈదాను. నీళ్లలో నేనేదీ దాచాల్సిన పనిలేదు, ఆ సుఖం నాకు మరెక్కడా దొరకలేదు. మా కోచ్‌కి మేం పెట్టుకున్న పేరు విజిల్ మాస్టారు (ఆయన మాట్లాడటం తక్కువ, ఊదడం ఎక్కువ). ఆయనే నా పేరు దివ్యాంగుల ఈతపోటీలకు రాయించారు.

పోటీకి ముందురోజు డాక్టర్లు మనల్ని పరీక్షించి, వైకల్యం ఎంతో తేల్చి, ఏ విభాగంలో ఈదాలో కాగితం మీద రాసిస్తారు. ఆ కాగితం లేకపోతే నీళ్లలో దిగనివ్వరు. ఆ ఉదయం అమ్మ నా బూట్లకు పాలిష్ కొట్టి, కొత్త మెత్త పెట్టి మరీ తీసుకెళ్లింది.

"ఇలా నడువమ్మా," అన్నారు డాక్టరమ్మ. నడిచాను. జన్మలో అంత బాగా నడిచి ఎరగను.

"మెట్లెక్కుతుందా?"

"రెండేసి ఎక్కుతాదండి!" అంది అమ్మ, నన్ను నోరెత్తనివ్వకుండా.

"పడిపోతుంటుందా?"

"మా పిల్లా? ఏనాడూ లేదండి."

మాతో వచ్చిన విజిల్ మాస్టారు నెత్తి బాదుకున్నారు. "అమ్మా, ఏటి సేత్తన్నారు మీరు? ఇవి పెళ్లిచూపులు కావమ్మా!"

డాక్టరమ్మకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నారు. "సరే, బూటు విప్పు. కాలు కొలవాలి," అన్నారు. నా చేతులు కదిలితేగా! బయటివాళ్ల ముందు ఆ బూటు ఏనాడూ విప్పలేదు. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "చూడనివ్వకపోతే నేనేమీ రాయలేనమ్మా. రేపు నువ్వు ఈదడం కుదరదు," అన్నారు. రెండేళ్ల కష్టం బూడిదలో పోస్తున్నానని తెలుస్తూనే ఉంది. కళ్లనిండా నీళ్లతో అమ్మకేసి చూశాను.

అమ్మ నేలమీద చతికిలబడి, నా బూటు లేసు తనే విప్పింది. లోపలి మెత్త తీసి, ఎవరెవరి జాకెట్ల ముక్కలో ఎర్రవీ పచ్చవీ జరీవీ అన్నీ కనపడేలా, డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది.

"పడతాదండి," అంది. "రోజూ పడతాది. కబడ్డీ ఆడినానంటాది. నానూ నమ్మినట్టే ఉంటాను."

ఇద్దరం ఒకళ్లనొకళ్లం పట్టుకుని ఏడ్చాం. మాస్టారు ఏం చెయ్యాలో తోచక గట్టిగా విజిల్ ఊదేశారు.

మర్నాడు ఎరువు తెచ్చుకున్న పొట్టి ఈతదుస్తుల్లో, రెండు కాళ్లూ అందరికీ కనపడుతుండగా, కుంటుకుంటూ వెళ్లి దూకాను. ఐదుగురిలో నాలుగో స్థానం. (పతకాలు తరవాతి ఏళ్లలో వచ్చాయి లెండి, కానీ నేను చెప్పుకునేది ఆ నాలుగో స్థానం గురించే.) ఇక ఆ తరవాత ఏ పరీక్షకెళ్లినా అమ్మ మరీ నిజాయితీపరురాలైపోయింది. కాలి సంగతంతా చెప్పాక, గురక పెడతాదనీ, తిన్న కంచం కడగదనీ కూడా డాక్టర్లకు చెప్పేది.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది. ఆఫీసు వరండాలో ఎవరైనా ఎదురొస్తే ఇప్పటికీ భుజం దానంతటదే సర్దుకుంటుంది, చూపు ఎదరకి పోతుంది. చర్చి బెంచీల మధ్య నడిచిన ఆ పిల్ల, పాపం, ఇంకా నాలో ఉన్నట్టుంది. తలుచుకుంటే నవ్వొస్తుంది. సాయంత్రం ఇంటికి రాగానే బూట్లు గుమ్మంలో విప్పేసి, అమ్మ చూస్తుండగా, వంటింటి దాకా హాయిగా కుంటుకుంటూ వెళ్తాను.