మజ్జిగ ఓడిపోయిన రోజు

నాకు నోటి దురుసు చిన్నప్పటి నుంచీ ఉంది. దానికి చదువు తోడైతే ఎలా ఉంటుందో మా ఊరి ఆడవాళ్లు ఒక వేసవిలో చూశారు. నేను చెప్పబోయేది నా గొప్పతనం కాదు. ఇన్నేళ్లయినా తలచుకుంటే తల దించుకోవాల్సిన సంగతి.

తిరుపతిలో పోషకాహారం గురించి చదివి వచ్చి, ముదిగుబ్బ వైపు పల్లెల్లో గర్భిణులకు తిండి విషయాలు చెప్పే కాంట్రాక్టు ఉద్యోగంలో చేరాను. నాకు అప్పగించిన ఊళ్లలో మా ఊరు కూడా ఉంది. వేరే ఊళ్లలో కాస్త భయపడుతూ మాట్లాడేదాన్ని. మా ఊళ్లో అయితే భూమి ఉన్న ఇంటి ఆడపిల్లను, అందరూ "పాపా" అని పిలిచేవాళ్లే. ఇక నా నోటికి అడ్డేముంది?

మా ఇంట్లో రెండు ఎనుములు, అదే పాడి గేదెలు, ఉండేవి. వానలు మొహం చాటేసిన ఏడు కూడా నాయన ఎక్కడెక్కడో తిరిగి మేతకు వేరుశనగ కట్టె కొనుక్కొచ్చి వాటిని కాపాడుకొచ్చాడు. అమ్మ పొద్దున్నే పెరుగు చిలికి వెన్న తీసి, మాకు కావలసినంత మజ్జిగ ఉంచుకుని, తక్కినది పాడి లేని ఇళ్ల వాళ్లకు పోసేది. మా వైపు మజ్జిగ అమ్ముకోవడం తప్పు. అడిగిన వాళ్లకు లేదనడం ఇంకా పెద్ద తప్పు. అందుకే దాన్ని అడగడానికి ఎవరూ సిగ్గుపడరు. చెంబు పట్టుకుని గడప దగ్గర నిలబడితే చాలు, నోరు తెరవాల్సిన పని కూడా లేదు.

అలా రోజూ వచ్చే వాళ్లలో గొర్రెల వాళ్ల కోడలు ఒకతె. నాకంటే నాలుగేళ్లు చిన్నది. ఎండలు ముదిరితే ఆమె మొగుడు మందను తోలుకుని మేత దొరికే వైపు వెళ్లిపోతాడు, మళ్లీ వానలకే రావడం. ఇంట్లో ఆమె, అత్త ఇద్దరే. మొదటి కాన్పు ఐదో నెలలోనే పోయింది. అప్పటికి రెండోసారి, ఏడో నెల నడుస్తోంది. ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉంది, పురుటిలోగా పెరగకపోతే తల్లికీ బిడ్డకూ ప్రమాదమని ఆసుపత్రిలో చెప్పి పంపారు. ఈ బిడ్డ అయినా దక్కుతుందా అన్నదొక్కటే ఆ ఇద్దరి దిగులు. నా రిజిస్టరులో ఆమె పేరు కింద ఎర్రగీత గీసుకున్నాను. నిజంగానే ఆమెకు మేలు చేయాలనుకున్నాను. ఆ మాట ఇప్పుడు చెప్పుకుంటే ఒరిగేదేమీ లేదు గానీ, అదీ నిజమే.

ఆ వారం అంగన్‌వాడీ వరండాలో సమావేశం పెట్టాను. దాని కోసం రెండు రోజులు కూర్చుని చార్టు తయారుచేశాను. ఒక పక్క మజ్జిగ గ్లాసు బొమ్మ, ఇంకో పక్క మునగాకు రెమ్మ. మధ్యలో ఇనుము, సున్నం అంటే కాల్షియం, విటమిన్లు. ఉత్త పాఠం చెబితే ఎవరు వింటారని, దాన్ని కబడ్డీ పోటీలాగా నడిపాను. ఇనుము దగ్గర మునగాకుకు పాయింటు. సున్నం దగ్గర మునగాకుకు పాయింటు. కంటిచూపు కాపాడే విటమిన్ దగ్గరా అంతే. మజ్జిగ ఓడిపోయిన ప్రతిసారీ ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు, నాకు ఇంకా ఊపు వచ్చింది.

ఆ అంకెలు అబద్ధాలు కావు. వాటిని పక్కపక్కన నిలబెట్టిన తీరే మోసం. బరువుకు బరువు చూసి పోల్చాను. మునగాకు తేలిక. రెమ్మల నుంచి దూస్తే, వంద గ్రాములకే ఒక పళ్లెం నిండుతుంది. అంత ఆకు రోజూ తినే మనిషిని నేను చూడలేదు. గొర్రెల వాళ్ల కోడలు తాగేది మాత్రం రోజుకు రెండు చెంబుల మజ్జిగ. అందులో కొద్దో గొప్పో మాంసకృత్తులున్నాయని, సున్నం ఉందని, ఆకుకూరల్లో దొరకని బి పన్నెండు విటమిన్ ఉందని, చెమటలో పోయిన నీళ్లూ ఉప్పూ తిరిగి ఇచ్చేది అదేనని నాకు తెలియక కాదు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అవన్నీ చెబితే ఆట రంజుగా ఉండదని వదిలేశాను.

చివర్లో ముందు వరుసలో ఉన్న ఆ అమ్మాయిని లేపి అడిగాను.

"పొద్దున ఏం తాగినావు?"

"మీ ఇంటి మజ్జిగే అక్కా" అంది నవ్వుతూ. ఇంతమందిలో తనను పలకరించానని ఆమెకు సంతోషం.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. "వెన్న తీసేసినాక మిగిలేది తెల్లనీళ్లే. ఆ నీళ్లతో కడుపు నింపుకుంటే బిడ్డకు రక్తం యాడనుంచి వస్తాది?" అన్నాను.

వరండా అంతా ఘొల్లుమంది. ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పక్కన కూర్చున్న అత్త మాత్రం నవ్వలేదు. సమావేశం బాగా జరిగిందని రిజిస్టరులో రాసుకుని, చార్టు చుట్టి చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

మూడు రోజుల తర్వాత అమ్మ అడిగింది, గొర్రెల వాళ్ల కోడలు మజ్జిగకు రావడం లేదేమని. ఒంట్లో బాగాలేదేమోనని చూసి రావడానికి తనే వెళ్లింది. తిరిగి వచ్చేసరికి అమ్మ మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"ఏం చెప్పినావు పాపా వాళ్లకు?"

"మునగాకు తినమన్నా. మంచి మాటే గదా."

"వెన్న మనం తీసుకొని నీళ్లు వాళ్లకు పోస్తాండామని చెప్పినావంట. వాళ్లత్త అనింది. కోపంగా కూడా అనలేదు. పాప చదువుకున్యాది, ఉత్తమాట ఎందుకు చెప్తాది అనింది. కాపురానికొచ్చినప్పట్నుంచి పోస్తాండా నేను. నాకు తల కొట్టేసినట్టాయ."

నేను తగ్గలేదు. ఇనుము గురించి, రక్తం గురించి మళ్లీ మొదలుపెట్టాను. అమ్మ చేతులు కట్టుకుని అంతా విని, ఒక్కటే అడిగింది.

"సరే. ఊర్లో మునగచెట్టు యాడుండాది?"

బోర్లు ఎండిపోయాక ఊళ్లో పెరటి చెట్లన్నీ మాడిపోయాయి. మిగిలింది మా పెరట్లోని ఒక్క చెట్టే, అంట్లు తోమిన నీళ్లు దాని మొదట్లోకి పోతాయి కాబట్టి. దాని చుట్టూ మనిషి ఎత్తు ప్రహరీ గోడ.

"వచ్చి కోసుకొమ్మని చెప్పినావా?"

"అడిగితే మనం వద్దంటామా?"

"మజ్జిగ అడుగుతారు. ఆకు అడగరు. చెట్టు మనది, గోడ మనది. చెయ్యి చాపినట్టుంటాది వాళ్లకు. ఈ ఊర్లో పుట్టినదానివి, ఆ మాత్రం తెలీదా నీకు?"

తెలుసు. పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆమె సిగ్గుపడకుండా తెచ్చుకోగలిగిన ఒక్కదాన్నీ నేను మానిపించాను. నోరు విడిచి అడగలేనిదాన్ని తినమని చెప్పాను. పైగా అందరి ముందూ నవ్వించాను.

అమ్మ అప్పటికప్పుడే ఆకు కోసి తీసుకుపోతానంది. "వద్దు, నేనే తీసుకుపోయి నచ్చజెప్తా" అని ఆపాను. ఆ ఆపడమే నేను చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు. మరుసటి రోజు పోదామనుకున్నాను. అంతలో పై అధికారులకు నా చార్టు నచ్చింది, యాడికి మండలం ఊళ్లలో కూడా చూపించమన్నారు. ఆ మెప్పులో పడ్డాను. అదొక సాకు. అసలు సంగతి, చప్పట్లు కొట్టిన ఆ ఆడవాళ్ల మధ్యనుంచే నడిచిపోయి, నేను చెప్పింది సగమే అని ఒప్పుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. రోజూ రేపు అనుకుంటూ పది రోజులు గడిపాను. వాళ్ల వీధి మీదుగా వెళ్లడం మానేసి చుట్టూ తిరిగి బస్టాపుకు పోయేదాన్ని.

పదకొండో రోజు ఆమె కరువు పనిలో పడిపోయింది. ప్రభుత్వం ఇచ్చే ఉపాధి పనిని మా వైపు కరువు పని అనే అంటారు. నీటిగుంత తవ్వుతున్నారు. కడుపుతో ఉందని ఆమెకు తవ్వే పని ఇవ్వకుండా, పనివాళ్లకు నీళ్లు అందించే పని ఇచ్చారు. అందరికీ నీళ్లు పోస్తూ పోస్తూ కళ్లు తిరిగి కూలిపోయింది. కడుపులో నొప్పి అని మెలికలు తిరుగుతుంటే ఆటోలో వేశారు. కబురు తెలిసి నేనూ ఎక్కాను. దారంతా అత్త ఆమె పొట్ట మీద చెయ్యి తీయలేదు.

ఆసుపత్రిలో సెలైను పెట్టి, పరీక్షించి, బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందన్నారు. ఆ బిడ్డ నెలలు నిండాకే పుట్టింది, ఇప్పుడు బడికి పోతోంది. ఆ సాయంత్రం డాక్టరు వచ్చి ఆమెను అడిగాడు.

"ఏమ్మా, అంత ఎండలో పనికి పోయేటప్పుడు ఏం తాగి పోతాండావు?"

"టీ నీళ్లు సార్. మునుపు మజ్జిగ తాగేదాన్ని. మానేసినా."

"ఎవరు మానమన్నారు?"

ఆమె నా వైపు చూసింది. నేను కిందికి చూశాను. అత్త ఏదో అనబోతే, ఆమె సెలైను లేని చేత్తో అత్త చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఎవరూ లేదు సార్. నాకే నోటికి పోలేదు."

డాక్టరు నా మెడలో ఉన్న గుర్తింపు కార్డు చూశాడు. "మీరు న్యూట్రిషన్ వాళ్లా? కాస్త చెప్పండమ్మా వీళ్లకు. ఆకుకూరా తినాల, మజ్జిగా తాగాల. ఉన్నది కాస్తా మానుకుంటే ఎట్లా?"

"చెప్తాను సార్" అన్నాను.

ఆయన వెళ్లిపోయాడు. అత్త బయటికి పోయి అంగడిలో మజ్జిగ ప్యాకెట్టు కొనుక్కొచ్చి గ్లాసులో పోసి కోడలి చేతికిచ్చింది. ఆమె గ్లాసు పట్టుకుంది గానీ నోటి దగ్గర పెట్టుకోలేదు.

"అక్కా, నువ్వు చెప్పిన ఆకు నేను తినలేకపోతిని. దొరకలేదు. తప్పు నాదే. ఇది తాగొచ్చునా ఇప్పుడు?"

తప్పు నాది అని ఒక్క మాట అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. అత్త నా మొహం వైపే చూస్తోంది. పక్క మంచం వాళ్లు కూడా చూస్తున్నారు. మెడలో కార్డు వేలాడుతోంది.

"తాగు" అన్నాను.

ఆమె గ్లాసు దించకుండా మొత్తం తాగింది. తాగి, మూతి తుడుచుకుని, పర్మిషన్ ఇచ్చినందుకు నాకు దండం పెట్టింది.