మూడో బేస్ దగ్గర మల్లన్న

మల్లన్న నోట ఎప్పుడూ ఒకటే మాట: ఆగు.

జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి పద్దెనిమిదేళ్ళుగా ఖతర్‌లో ఇనుప చువ్వలు కడుతున్నాడు. వయసులో ఉన్నప్పుడు పెళ్ళిచూపులకు వెళ్ళి, "ఆగుండ్రి, ఆలోచన చేస్త" అని లేచొచ్చి ఏడాది దాకా జవాబివ్వలేదట. "ఆ ఏడాదిల నాకు ఇంకో సంబంధమన్న రాకపాయె" అని ఆయన భార్య భూమవ్వ ఫోన్‌లో మా క్యాంపు గది మొత్తానికీ మొరపెట్టుకుంది.

ఓ శుక్రవారం సామాను కొనుక్కోవడానికి దోహాలోని అల్ మన్సూరా బజారుకు వెళ్ళాం. రోడ్డు దాటే చోట పచ్చదీపం వెలిగింది. నేను అడుగు వేయబోతే మల్లన్న చొక్కా పట్టి లాగాడు.

"ఆగు రఫీక్ భాయ్."

"అరె, పచ్చ వడ్డది గదనే!"

"వడ్డది. ఎంతసేపుంటదో ఎవనికెరుక? ఇంకొకటి రానీ."

నాలుగో పచ్చకు దాటాం. అప్పటికి దుకాణాలు జుమా నమాజుకు మూసేశారు. నేనూ నమాజుకు పోయి, ఈ మనిషికి కాస్త తొందర ప్రసాదించమని అల్లాను వేడుకున్నాను. ఇంతవరకూ మంజూరు కాలేదు.

ఇలాంటి మనిషిని తెచ్చి బేస్‌బాల్‌లో మూడో బేస్ దగ్గర నిలబెట్టారు. నా కొంప మునిగింది అక్కడే.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్ దగ్గర పడుతోంది, స్టేడియం పని తెమలడం లేదు, అందరి సెలవులూ ఆపేశారు. మేం డీలా పడిపోయామని కంపెనీ మేముండే క్యాంపుల మధ్య ఆటల పోటీ పెట్టింది. గెలిచిన జట్టుకు పదిహేను రోజులు ఊరికి పోయే సెలవు! నా కూతురు యుస్రాకు పదకొండు నెలలు. దాన్ని నేను ఫోన్‌లో తప్ప చూడలేదు. నాకు కప్పూ వద్దు, కీర్తీ వద్దు, ఆ పదిహేను రోజులు చాలు.

ఆట ఎంపిక మా ఫిలిప్పీన్స్ ఫోర్‌మన్‌ది, కాబట్టి క్రికెట్ కాకుండా బేస్‌బాల్ అయింది. పేర్లు రాసింది సేఫ్టీ ఆఫీసరు సుధాకరరావు గారు. రాజమండ్రి మనిషి. "ఆడలేనన్నవాడు మెడికల్‌కి వెళ్ళాలయ్యా" అని ముందే చెప్పేశారు. మెడికల్ అంటే మాకు వణుకు. అక్కడ పనికిరాడని తేలితే వీసా రద్దు, నేరుగా విమానం.

ఆటలో నాలుగు బేసులు, చదరంగా. బంతి కొట్టి మూడూ చుట్టి, నాలుగోదైన హోమ్ తొక్కితే ఒక పరుగు. బేసు వదిలిన మనిషిని బంతితో ముట్టుకుంటే ఔట్. ముగ్గురు ఔటైతే ఆ జట్టు వంతు అయిపోయినట్టే. ఉరకాలో ఆగాలో చెప్పడానికి మూడో బేస్ పక్కన మన మనిషి ఒకడు నిలబడతాడు. కెప్టెన్ని నేనే. కాళ్ళల్లో పస లేదు కదా, నోరైనా పనికొస్తుందని మల్లన్నను అక్కడ పెట్టాను. నా బుద్ధికి బూజు పట్టిన రోజది.

బంతి కంచె దాకా పోయినా "ఆగు". పట్టాల్సినవాడు జారిపడ్డా "ఆగు". ఎవడైనా సరే ఒక్కో దెబ్బకు ఒక్కో బేసే. చిరుతలాంటి ఫోర్‌మన్‌నూ ఆపాడు, నన్నూ ఆపాడు.

"ఇద్దరు ఔటైనంక బంతి తగలంగనే ఉరకాలె మల్లన్నా!" అని నెత్తి కొట్టుకున్నాను. "వాళ్ళు క్యాచ్ వడితె మన వంతు ఎట్లనైన ఖతమే. పట్టకుంటె పరుగు. ఉరికితె పోయేదేంది?"

"నీకేం పోదు. ఆగితె నీకేం పోయింది?"

"నా బిడ్డను సూసుడు పోతది!"

ఆయన తల దించుకున్నాడు. మరుసటి వారం మళ్ళీ ఆపాడు. తీసేద్దామంటే ఆ ఎండలో ఇంకెవడూ నిలబడనన్నాడు.

అయినా భూమేష్ పుణ్యమా అని ఫైనల్‌కు చేరాం. పాతికేళ్ళ కుర్రాడు, కొడితే బంతి ఎడారిలో పడుతుంది, నడుచుకుంటూ చుట్టి రావచ్చు. ఎదుట నేపాలీల జట్టు. పరుగులు సమానం, మాది చివరి వంతు, ఇద్దరు ఔట్. రెండో బేస్‌లో భూమేష్ ఉన్నాడు. నేను కొట్టిన బంతి నీళ్ళ ట్యాంకరు కిందికి దూరింది. ముగ్గురు బోర్లా పడుకుని దాని కోసం వెతుకుతున్నారు. భూమేష్ మూడో బేస్ చేరాడు. ముందంతా ఖాళీ. గుడ్డివాడు కూడా హోమ్ చేరగలడు.

"యల్లా! ఉరుకు!" అని ఆ గోలలో గొంతు చించుకున్నాను.

మల్లన్న రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. "ఆగు!"

భూమేష్ ఆగాడు. తర్వాతివాడు ఔటయ్యాడు. మరో విడత ఆడిస్తే నేపాలీలు ఒక పరుగు తీశారు, మాకు ఒక్కటీ రాలేదు, వాళ్ళే గెలిచారు. యుస్రా ఫోన్‌లోనే ఉండిపోయింది.

బస్సెక్కి మల్లన్న మీద విరుచుకుపడ్డాను. "నీకేం పగ నా మీద? చెప్పు!"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "భూమేష్‌గాని మోకాలు జారుతది భాయ్. పండుగల ముందట నిచ్చెన మీదికెల్లి పడ్డడు, చెప్పుకోలే. సక్కగ ఉరుకుతడు. మూల మలిగితె మాత్రం కూలవడుతడు. సుధాకరరావు సారు ముంగట పడ్డడంటె రేపే విమానం."

"మరి నన్నెందుకు ఆపినవ్? నా మోకాళ్ళు మంచిగనే ఉన్నయ్ గద?"

"వాన్నొక్కన్నే ఆపితె సారుకు అనుమానం రాదా? అందర్ని ఆపితె, మల్లన్న చాదస్తం అనుకుంటరు. నీ బిడ్డ సంగతి తెల్వక కాదు. తెలిసే ఆపిన. తిట్టు."

తిడదామని నోరు తెరిచాను. అప్పుడే సుధాకరరావు గారు బస్సెక్కారు.

"ఏవయ్యా భూమేష్, అంత ఖాళీ ఉంటే ఆగిపోయావేంటి? కాలేమైనా బాలేదా? రేపోసారి మెడికల్‌కి వెళ్ళిరా."

భూమేష్ మొహం పాలిపోయింది. నాకు కోపం ఇంకా చల్లారలేదు. ఆ కోపంతోనే లేచి నిలబడ్డాను.

"నేనే ఆపమన్న సార్. బంతి వాళ్ళ చేతికి దొరికిందనుకున్న."

"ట్యాంకరు కింద ముగ్గురు పాకుతుంటే దొరికిందనుకున్నావా?"

"నా నజర్ జర కమ్జోర్ సార్. దూరంది సక్కగ కనవడదు."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "అయితే రేపు మెడికల్‌కి నువ్వెళ్ళు. కళ్ళు చూపించుకో" అని దిగిపోయారు.

బస్సు కదిలింది. మల్లన్న పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.

"అబద్ధం మంచిగనే ఆడినవ్ భాయ్" అన్నాడు. "గని అబద్ధమో కాదో డాక్టరు చెప్పేదాంక ఆగు. నిజంగనే అద్దాలు రాస్తడేమో."