మూడు నెలలు చూద్దామన్న బాబాయి

మా బాబాయి పోయిన మంగళవారం పొద్దున్న జగ్గయ్యపేటలో, తన ఇంట్లో, తన మంచం మీదే కన్నుమూశాడు. డెబ్బై తొమ్మిదేళ్ళు. మీలో కొందరికి ఆయన తెలిసే ఉండాలి. ఇరవై ఏళ్ళ కిందటి దాకా జగ్గయ్యపేట నుంచి విజయవాడ బస్సెక్కినవాళ్ళలో చాలామంది ఆయన వెనక కూర్చున్నవాళ్ళే. కీసర దగ్గర ఏ ముసలమ్మ చెయ్యెత్తినా, స్టాపు కాకపోయినా బస్సాపి, "నిదానంగా ఎక్కమ్మా, నేనెక్కడికీ పోను" అనే డ్రైవరు ఆయనే.

నేను ఆయన అన్న కొడుకుని. నందిగామలో జూనియర్ కాలేజీ పిల్లలకు లెక్కలు చెబుతాను. బాబాయికీ పిన్నికీ పిల్లల్లేరు. చిన్నప్పుడు నాకు సైకిలు నేర్పింది ఆయనే. "ఎదుటివాడు తప్పుకుంటాడులే అని ఎప్పుడూ తొక్కమాకు" అన్నది ఆయన మొదటి పాఠం. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ గడియారం చూసి, అది రెండు నిమిషాలు వెనక ఉంటే స్టూలెక్కి సరిచేసిగానీ కూర్చునేవాడు కాదు. టీ సాసర్లో పోసుకుని, ఊదకుండా, అది చల్లారేదాకా దాని వంకే చూస్తూ కూర్చునేవాడు.

రెండేళ్ళ కిందట కాళ్ళ వాపులు మొదలయ్యాయి. ఈ వేసవికి కిడ్నీలు దాదాపు పనిచేయడం మానేశాయని తెలిసింది. ఆయన్నీ పిన్నినీ విజయవాడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె కాగితాలన్నీ చూసి, "మీకు అన్నిటికంటే ఏది ముఖ్యమండీ?" అని బాబాయిని అడిగింది.

"ఎన్నాళ్ళు వీలైతే అన్నాళ్ళు ఆయన మాతో ఉండాలి మేడమ్" అన్నాను నేను.

"మీరు కాదు. ఆయన్ని చెప్పనివ్వండి."

బాబాయి ఆమె వైపు తిరిగాడు. "పొద్దున్నే నా కాళ్ళ మీద నేను సెంటరు దాకా నడిచెళ్ళి, నలుగురితో కూర్చుని రావాలమ్మా. ఆదివారం చర్చికెళ్ళాలి. స్నానం నేనే చెయ్యాలి. అంతే."

అప్పుడామె ఏదీ దాచకుండా చెప్పింది. వారానికి మూడుసార్లు డయాలసిస్ ఒక దారి. డయాలసిస్ లేకుండా, వాపుకీ ఆయాసానికీ దురదకీ మందులు వాడుతూ ఇంట్లోనే చూసుకోవడం ఇంకో దారి. ఈ వయసులో, గుండె కూడా బలహీనంగా ఉన్నప్పుడు, డయాలసిస్ రోజులు పెంచినా ఓపిక పెంచకపోవచ్చు. ఎవరికి ఎలా ఉంటుందో ముందే చెప్పలేం. "కావాలంటే మూడు నెలలు చేసి చూడండి. తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం. ఆపాలనిపిస్తే ఆపొచ్చు" అంది.

పిన్ని ఆయన చెయ్యి పట్టుకుంది. "సరే, మూడు నెలలు చూద్దాం" అన్నాడు బాబాయి. ఆమె కోసమే అన్నాడని నాకు తెలుసు.

సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్‌కి నందిగామ ఆస్పత్రికి వచ్చేవాడు. నాలుగు గంటలు మిషన్ మీద ఉండి, మా ఇంట్లో పడుకుని, సాయంత్రం వెళ్ళేవాడు. మొదటి నెల బాగుంది. ముఖం వాపు తీసింది, ఆయాసం తగ్గింది. పక్క మంచం మీద ఉండే గరికపాడు రైతుతో పందెం వేసుకుని మరీ అంత్యాక్షరి పాడాడట. నర్సమ్మలు నాకు చెప్పి నవ్వారు.

రెండో నెల నుంచి బీపీ పడిపోవడం మొదలైంది. ఇంటికొచ్చాక గోడ పట్టుకుని నడిచేవాడు. ఒకరోజు మా బాత్రూములో పడ్డాడు. తల పగల్లేదుగానీ, లేపి స్నానం చేయిస్తుంటే నా వంక చూడకుండా గోడవైపు తిరిగాడు. ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. డయాలసిస్ రోజు డయాలసిస్‌కే పోయేది. మర్నాడు నీరసానికి పోయేది. సెంటరుకు నడిచి వెళ్ళడం పూర్తిగా మానేశాడు.

మూడు నెలలు నిండిన వారం వరండాలో పిన్నినీ నన్నూ కూర్చోబెట్టాడు. "చూసా. ఇంక చాలు" అన్నాడు.

"చాలంటే? చచ్చిపోతానంటారా? అది ఆత్మహత్య కాదూ? దేవుడికేం చెబుతారు?" పిన్ని లేచి లోపలికి వెళ్ళిపోయింది. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. వేళకు కంచం పెట్టేది, పెట్టి వెళ్ళిపోయేది. బాబాయి కూడా బతిమాలలేదు.

నాలుగో రోజు పాస్టరుగారు వచ్చారు. పిన్నే పిలిపించింది. ఆయన చాలాసేపు విని, "ప్రాణం తీసుకోవడం వేరమ్మా. శరీరం ఇంక మొయ్యలేనంటే బరువు దించడం వేరు" అన్నారు. పిన్నికి అదీ చాల్లేదు. బాబాయి లేకుండా, నన్ను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. "ఆపితే కొట్టుకుని కొట్టుకుని పోతారా అమ్మా?" అని అడిగింది. అసలు భయం అదన్నమాట. నాకూ అప్పుడే తెలిసింది.

"ఎక్కువగా మగతగా ఉంటారమ్మా. ఆయాసమొస్తే, వికారమొస్తే మందులున్నాయి. ముందే రాసిస్తా, ఇంట్లో పెట్టుకోండి. ఏ టైమైనా ఫోన్ చెయ్యండి. ఆపినంత మాత్రాన నేను చూడటం మానను."

ఆ వారమే బాబాయి చెప్తుంటే నేను ఒక కాగితం రాశాను. ఐసీయూ వద్దు. గొట్టాలు వద్దు. ఊపిరాడకపోతే ముందు డాక్టరమ్మకి ఫోన్. ఆఖరున ఇంట్లోనే. ఆయన సంతకం చేశాడు. కింద పిన్ని తన సంతకం పెట్టి, "ఇంకోటి రాయి. గోంగూర పచ్చడి అడిగితే పెట్టాలి" అంది. కిడ్నీ పత్యంలో మూడు నెలలుగా అది నిషేధం. బాబాయి నవ్వాడు. వాళ్ళిద్దరి మధ్యా మాటలు మళ్ళీ అలా మొదలయ్యాయి.

తర్వాత ఏడు వారాలున్నాడు. మొదట్లో బాగానే తిరిగాడు. సెంటరుకు సగం దూరం నడిచి, మిగతా సగం స్నేహితులే ఎదురొస్తే, అక్కడే అరుగు మీద కూర్చునేవాడు. రెండు ఆదివారాలు చర్చికి వెళ్ళాడు. ఆ తర్వాత నిద్ర పెరిగింది.

ఆయన పోవడానికి ముందు గురువారం మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆయాసం వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. కాగితం రాసినవాణ్ణి నేనే. అయినా ఆ ఎగశ్వాస చూడగానే అంబులెన్సుకు ఫోన్ కలపబోయాను. పిన్ని నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"వద్దు నాన్నా. మాటిచ్చాం. ముందు డాక్టరమ్మకి చెయ్యి."

డాక్టరమ్మ చెప్పినట్టే మందు వేశాం, తల వైపు దిండ్లు ఎత్తు పెట్టాం, కిటికీ తెరిచాం. పిన్ని ఆయన వీపు నిమురుతూ కూర్చుంది. అరగంటలో ఊపిరి కుదుటపడింది. నన్ను ఆపింది తనేనని ఆయనకు పిన్ని చెప్పలేదు. నేనే చెప్పాను. "మీ పిన్ని గట్టిదిరా" అన్నాడు కళ్ళు మూసుకునే.

ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో ఎవరూ పరుగెత్తలేదు. ఆయన్ని మా నుంచి ఎవరూ ఐసీయూ తలుపు అవతలికి తీసుకుపోలేదు. అంత ప్రశాంతంగా ఒక మనిషిని సాగనంపవచ్చని మాకు నేర్పినందుకు ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

సోమవారం సాయంత్రం నేను బయల్దేరబోతూ లోపలికి తొంగిచూశాను. పిన్ని ఆయన్ని భుజానికి ఆనించుకుని తల దువ్వుతోంది. నాలుగు తెల్ల వెంట్రుకలు, వాటికో పాపిడి. దువ్వెన ఆగగానే బాబాయి కళ్ళు తెరవకుండా, తల కాస్త అటు వంచి, "ఈ పక్క కూడా" అన్నాడు.