ఎనిమిది ఇరవైకి చేరినం

హెలికాప్టర్ నేలకు ఆనలేదు. రెండడుగుల ఎత్తులో ఆగితే దూకాం. ముందు సామాను మూట, తర్వాత రేడియో పెట్టె, ఆ తర్వాత నేను. ఉదయం ఏడు నలభై. ఎత్తు పద్దెనిమిది వేల రెండు వందల అడుగులు. చలి సున్నాకు ఇరవై రెండు డిగ్రీలు కింద. కాళ్లకు మూడు జతల మేజోళ్లు, చేతులకు రెండు జతల తొడుగులు, కళ్లకు నల్లద్దాలు. పోస్టు అంటే కోట అనుకునేరు. ఫైబర్ గుడిసెలు రెండు, మంచులో తవ్విన బంకరు ఒకటి, జెండా కర్ర ఒకటి. అందరం కలిపి తొమ్మిది మందిమి. నా పని రేడియో.

మాది ఝరాసంగం దగ్గర పల్లె. జొన్న, కంది పండే ఎర్ర నేల. జహీరాబాద్‌లో కంప్యూటర్ డిగ్రీ రెండేళ్లు చదివి, వదిలేసి ఫౌజులో చేరాను. ఎండలో పెరిగిన వాణ్ని. ఆ మంచులో మొదటి వారం తలనొప్పి, రెండో వారం ఏడుపు. చెప్పడానికి సిగ్గేం లేదు, ఏడ్చాను.

నన్ను నిలబెట్టింది రాయికోడన్న. కింది క్యాంపులో రోప్ లీడర్. రోప్ అంటే ఒకే తాడుకు నడుములు కట్టుకుని నడిచే ఆరుగురు. వీపున కిరోసిన్ డబ్బాలు మోసుకుని మా పోస్టుకు వచ్చేవాళ్లు. మా నీళ్లు, మా అన్నం, మా వెచ్చదనం, అన్నీ ఆ కిరోసినే. రేడియోలో ఆయన హిందీ వినగానే మన యాస పట్టేశాను. రూలు పక్కన పెట్టి మన మాటలోనే అడిగాను.

"అన్నా, మీది ఏ ఊరు?"

"రాయికోడ్ రా తమ్మీ. నీది?"

"ఝరాసంగం దిక్కు."

"అరె, గిట్ల జెప్పాలె గద! ఫికర్ జెయ్యకు. నేనున్న."

ఇప్పుడు అసలు సంగతి. మా పోస్టుకు ముందు ఒక గుట్ట ఉంది. ఏనుగు వీపు అనేవాళ్లం. అది ఎక్కగానే జెండా కనిపిస్తుంది. కనిపిస్తుంది గానీ, అక్కడి నుంచి పోస్టుకు ఇంకా నలభై ఐదు నిమిషాల నడక. ఆ ఎత్తులో మంచు కరిగి, నీళ్లు మరిగి, చాయ్ కావడానికీ నలభై ఐదు నిమిషాలే. అందుకని రోప్ వాళ్లు ఏనుగు వీపు మీద నిలబడే "చేరినం" అనేవాళ్లు. నేను వంటవాడికి కేకేసేవాణ్ని. వాళ్లు గుమ్మంలోకి వచ్చేసరికి చాయ్ తయారు. నేనేమో "చేరినం" విన్న టైమే లాగ్ పుస్తకంలో రాసేవాణ్ని. 8:20. నిజంగా వచ్చేది 9:05కు. నాకు ముందున్న ఆపరేటర్ అట్లాగే రాశాడు, వాడికి ముందువాడూ అంతే. ఎవరికీ నష్టం లేదు. వచ్చినవాళ్లు ఆ రోజు మా దగ్గరే పడుకుని, మర్నాడు పొద్దున దిగేవాళ్లు.

దిగే దారిలో మంచు వంతెన ఉంది. లోతైన చీలిక మీద గాలి కట్టిన మంచు అది. ఎండ తగిలితే మెత్తబడుతుంది. పదిన్నర దాటాక దాని మీద కాలు పెట్టొద్దని ఆర్డరు.

మూడో నెలలో బేస్‌కు కొత్త కెప్టెన్ వచ్చాడు. చదువుకున్న మనిషి. లాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రామ్ తెచ్చాడు. ఎవరు, ఏ రోజు, ఏ తాడుకు, ఎన్ని డబ్బాలు. వేల రకాలుగా కలిపి చూసి, అందులో తక్కువ మందితో, తక్కువ రోజుల్లో అయ్యే ప్లాన్‌ను బయటికి తీస్తుంది. రేడియోలో నాకు ఆర్డరు వచ్చింది. రెండు నెలల లాగ్‌లోంచి రోప్ చేరిన టైములన్నీ చదువు.

పుస్తకం తెరిచాను. మధ్యాహ్నం పన్నెండు. మొదటి అంకె దగ్గరే నా నోరు ఆగింది. పక్కన పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్ ఉన్నాడు. "సాబ్, ఇవి నిజం టైములు కావు" అన్నాను.

"లాగ్‌లో ఉన్నదే చదువు. లాగ్ తప్పని చెబితే ముందు నిన్నడుగుతారు, తర్వాత నన్ను" అన్నాడు.

చదివాను. 8:20. 8:15. 8:25. నేను కంప్యూటర్ చదివినవాణ్ని. తప్పుడు అంకె లోపలికి పోతే ఏం బయటికి వస్తుందో ఆ పోస్టులో అందరికంటే నాకే బాగా తెలుసు. తెలిసే చదివాను.

ప్రోగ్రామ్ తన పని తాను చక్కగా చేసింది. 8:20కి చేరిక. అరగంటలో డబ్బాలు దింపడం. గంటా ఇరవై నిమిషాల్లో వంతెన. 10:10. పదిన్నరకు ఇంకా ఇరవై నిమిషాలు మిగిలింది. మరి పైన పడుకోవడం దేనికి? అదే రోజు దిగిపోతే వారానికి ఒక రోప్ మిగులుతుంది, ఇంకో పోస్టుకు పనికొస్తుంది. పైవాళ్లు మెచ్చుకున్నారు. కూడిక తప్పలేదు, తీసివేత తప్పలేదు. మేమిచ్చినవే కాకిలెక్కలు. ఆ కెప్టెన్ మీద నాకు ఇప్పటికీ మండుతుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ తాడు కట్టుకుని పైకి వచ్చి మాతో చాయ్ తాగి ఉంటే ఆ నలభై ఐదు నిమిషాలు ఆయన కాళ్లకే తెలిసేవి.

మొదటి రెండు రోజులు మబ్బు. 10:55కు వంతెన దాటారు, చలికి అది రాయిలా ఉంది. బేస్ అడిగింది: "ఎందుకు లేటు? తొందరగా నడవమను." మూడో రోజు ఎండ కాసింది. కళ్లు విప్పలేనంత ఎండ. ఆ రోజూ 8:20కి ఏనుగు వీపు మీంచే "చేరినం" అన్నారు, నేనూ అదే రాసి బేస్‌కు చెప్పాను.

9:05కు వచ్చారు. వంటవాడు చాయ్ పోశాడు. తాగుతూనే డబ్బాలు దింపారు, తాగుతూనే తాడు ముళ్లు చూసుకున్నారు. 9:35. రాయికోడన్న ఆకాశం చూశాడు.

"తమ్మీ, ఎండ మంచిగ లేదు. ఇయ్యాల ఈడ్నె ఉంటమని అడుగు జర."

అడిగాను. కెప్టెన్ గొంతు: "8:20కి చేరారు. ఇప్పుడు 9:35. డెబ్బై ఐదు నిమిషాలు ఏం చేశారు? చాయ్ తాగుతూ కూర్చున్నారా?"

బటన్ నొక్కాను. ఒక్క మాట చాలు. సార్, వాళ్లు 9:05కు వచ్చారు, లాగ్ అబద్ధం. అంతే. బటన్ నొక్కి పట్టుకున్నాను. సుబేదార్ సాబ్ నా మొహం చూస్తున్నాడు. వదిలేశాను.

"వాళ్లు అక్కడ ఆగితే రేపటి నాలుగు రోప్‌లూ తప్పుతాయి. పంపండి. ఓవర్" అన్నాడు కెప్టెన్.

రాయికోడన్న అంతా విన్నాడు. తొడుగు వేసుకున్నాడు. చేతిలో సగం చాయ్ ఉన్న స్టీలు గ్లాసును ఖాళీ డబ్బా మీద పెట్టాడు.

"పారబొయ్యకు తమ్మీ. రేపు మల్ల నా డ్యూటీయే గద. వచ్చి తాగుత."

నవ్వాడు. 9:40కి దిగారు. అందరికంటే ముందు ఆయన.

10:58. రెండో మనిషి గొంతు రేడియోలో: "వంతెన పోయింది. లీడర్ లోపల. తాడు ఆగింది." అంతే. ఐదుగురు మంచులో గొడ్డళ్లు దిగ్గొట్టి తాడు పట్టుకున్నారు. పైకి లాగడానికి రెండున్నర గంటలు. ఎడమ కాలు మంచు దిమ్మల మధ్య నలిగింది. హెలికాప్టర్‌లో మిలిటరీ దవాఖానకు తీసుకుపోయారు. మోకాలి కింద తీసేశారు.

పది రోజులకు విచారణ. బేస్‌లో టెంటు, ఉదయం పదకొండు. బల్ల వెనక ముగ్గురు అధికారులు. నా ముందు నా లాగ్ పుస్తకం.

"8:20, ఇది నీ చేతిరాతేనా?"

"అవును సాబ్."

"9:40కి దిగారు?"

"అవును సాబ్."

"అంటే గంటా ఇరవై నిమిషాలు పైన కూర్చున్నారు?"

తప్పుడు లాగ్ రాస్తే కోర్టు మార్షల్ అని ఎవడో ముందు రోజే చెవిలో వేశాడు.

"అవును సాబ్."

రిపోర్టులో ఒక్క వాక్యం రాశారు: పార్టీ లీడర్ చాయ్ కోసం అనవసరంగా ఆలస్యం చేయడం వల్ల ప్రమాదం జరిగింది. ప్లాన్ తప్పు లేదు, ప్రోగ్రామ్ తప్పు లేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. మేం పిడికెడు కూడా పంచుకోలేదు. గంప గంపంతా ఆయన నెత్తిన పెట్టాం.

నా సర్వీసు అయిపోయి జహీరాబాద్ హైవే మీద బస్సు దిగాను. మూడో రోజు రాయికోడ్ పోయాను. ఆయన పిండి గిర్నీ పెట్టుకున్నాడు. పెట్టుడు కాలితో నిలబడి జొన్నలు పడుతున్నాడు. నన్ను చూసి గిర్నీ ఆపాడు. వదిన చాయ్ తెచ్చింది. నేను గ్లాసు ముట్టుకోకుండా మొత్తం చెప్పాను. లాగ్, బటన్, టెంటు, "అవును సాబ్".

ఆయన చేతులకు అంటిన పిండి దులుపుకున్నాడు.

"గా దినం రేడియోల నీ బటన్ చప్పుడు ఇన్న. ఏమన్న అంటవేమో అని సూసిన" అన్నాడు.

"అననైతి అన్నా."

"కాలు పోయింది, పోనియ్. చాయ్ తాగుకుంట కూసున్నడని రాసిన్రు. నా బిడ్డ సదివింది గా కాగితం. 'నిజమేనా బాపూ' అని అడిగింది. నువ్వు జెప్పు, ఏమని జెప్పాలె?" గొంతు లేచింది. "గా రాత కొట్టేపిచ్చి రా. అప్పటిదాంక నా గడప తొక్కకు."

రికార్డు ఆఫీసుకు మూడుసార్లు రాశాను, నా తప్పుతో సహా. కేసు ముగిసిందని మూడుసార్లూ ఒకే జవాబు. కోర్టు మార్షల్ కూడా చెయ్యరట. నా నిజం ఇప్పుడు వాళ్లకు దేనికీ పనికిరాదు.

ఇప్పుడు జహీరాబాద్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఉన్నాను. అల్లం లారీలు ఎప్పుడు ఏది బయల్దేరాలో ఇక్కడా ప్రోగ్రామే చెబుతుంది. డ్రైవర్లు ఇంకా చెరుకు తోటల పక్కనే ఉండి "గేటుకొచ్చినం" అంటారు. హమాలీలు సిద్ధంగా ఉంటారని. నేను అరుస్తాను. ఎదురుగా ఏం కనబడుతుందో చెప్పు అంటాను. ఫౌజువాడికి పిచ్చి అని నవ్వుకుంటారు. మా సేటు అంటాడు, మిషన్ అబద్ధం ఆడదు గదా అని. ఆడదు సేటూ. మనం ఆడి దానికి తినిపిస్తాం. తర్వాత అది చెప్పిందని మనిషిని పంపిస్తాం.

రాయికోడన్న బిడ్డా, ఇది నీ కోసం రాశాను. మీ బాపు కూర్చోలేదు. ఆ రోజు మధ్యాహ్నం నేను ఆ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. సగం దాకా చాయ్, గట్టిగా గడ్డకట్టి ఉంది. పూర్తిగా తాగేంత టైము కూడా ఆయనకు మేం ఇవ్వలేదు. గ్లాసు బోర్లించాను. ఒక్క చుక్క కింద పడలేదు.