ఎదురు నూగు కుర్చీ

సోఫాల పిన్ని నోట్లో సూది పెట్టుకుని కూడా గంటసేపు కబుర్లు చెప్పగలదు. వీధిలో ఏ సోఫా కుంగినా, ఏ కుర్చీ చిరిగినా కబురు ఆమెకే. కడుపులో మాట దాగని అలాంటి మనిషి, పోయినేడాది నుంచి ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పకుండా దాచుకుంది.

మహానగరంలోని పాత సంగీతశాల కుర్చీలకు ఎర్ర మఖమల్ తొడుగులు వేసే పని ఆమె షాపుకొచ్చింది. మఖమల్ నూగు కిందికి వాలేలా కుట్టాలి. తలకిందులైతే అదే గుడ్డ నల్లగా కనిపిస్తుంది. అందుకని ప్రతి ముక్క వెనకా నూగు వాలే వైపుకి సుద్దతో బాణం గీసేది. కుర్చీలన్నీ లారీ ఎక్కి వెళ్లిపోయాక, ఆఖరి ముక్కలో మిగిలిన పీలికని నిమిరి చూస్తే, బాణం ఒకవైపు, నూగు ఇంకోవైపు! అంటే ఒక కుర్చీకి గుడ్డ తలకిందులుగా కుట్టేసిందన్నమాట.

ఇప్పుడేమో ఆడపడుచు కచేరీకి టికెట్లు కొని, "నీ కుర్చీలు చూద్దాం పద వదినా" అంటూ లాక్కొచ్చింది.

లోపల అడుగు పెట్టగానే పిన్ని భయమంతా మర్చిపోయింది. బంగారు పూత బాల్కనీలు, నెత్తిమీద మిలమిలలాడే షాండ్లియర్, కింద ఎర్రగా వరుసలే వరుసలు! కనిపించిన కుర్చీనల్లా నిమురుకుంటూ పోయింది.

"వదినా, అందరూ చూస్తున్నారు!"

"చూడనీవే! కూర్చునేది నా కుట్టు మీదేగా!"

ఇద్దరూ మెట్ల మీద చతికిలబడి, పొట్టలు పట్టుకుని నవ్వారు.

పై బాల్కనీలో కూర్చుని కిందికి చూశాక పిన్ని నవ్వు ఆగిపోయింది. అన్ని ఎర్ర కుర్చీల మధ్య ఒక్కటే నల్లగా ఉంది. ఆడపడుచు చెవిలో అసలు సంగతి ఊదేసి, "ఎలాగైనా దాన్ని కప్పెయ్యాలే" అంటూ కిందికి పరుగెత్తింది. ఆ కుర్చీలో కూర్చుని శాలువా వెడల్పుగా పరిచింది.

అంతలో చేతికర్రతో ఒక పెద్దాయన వచ్చి ఆగాడు.

"అమ్మా, ఇది నా సీటు."

"పక్కన కూర్చోండి బాబుగారూ. అన్నీ ఒకటేగా!"

"ఒకటి కాదమ్మా. నాకు చూపు సరిగా ఆనదు. సీటు వెతుక్కోలేక కచేరీలే మానేశాను. కొత్త తొడుగులు వేశాక ఇదొక్కటి నల్లగా కనిపిస్తోంది. అడిగి మరీ దీన్నే తీసుకుంటాను. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నేనే వచ్చి కూర్చుంటున్నాను."

పిన్ని చటుక్కున లేచింది. సీటుని ఒకసారి అరచేత్తో నిమిరి, ఆయన్ని కూర్చోబెట్టింది.

చాలాసేపటికి గానీ పైకి రాలేదు. మొహం వెలిగిపోతోంది, కళ్లు తడిగా ఉన్నాయి.

"ఇంతసేపు ఎక్కడికెళ్లావు వదినా? ఎవరైనా తిట్టారా?"

"ఈ సంగీతశాల ఆఫీసుకి వెళ్లొచ్చానే. ఆ కుర్చీ చిరిగితే నాకే కబురు పెట్టమన్నాను. వేరేవాళ్ల చేతికిస్తే సరిగ్గా కుట్టేస్తారు!"