ఉప్మా లేని ఊడ్పులు

గోదారమ్మ సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

నా చిన్నప్పుడు, కూలీలకు ఇంతకు తగ్గకుండా ఇవ్వాలని ప్రభుత్వం ఒక రేటు కట్టిన ఏడాది, మా తాతయ్య కోపంతో కొన్నాళ్లు అరుగు దిగలేదు. రేటు పెంచితే రైతు మునుగుతాడు, రైతు మునిగితే కూలికి పనే ఉండదు అనేవాడు. కూలి చేతిలో డబ్బాడితేనే కొట్లూ సంతలూ నడుస్తాయనేవారు ఎదురింటి మాస్టారు. పొద్దస్తమానం ఇదే గోల. వాళ్లకు కాఫీలు అందించలేక మా మామ్మ విసిగిపోయేది. నిన్న టీవీలో నలుగురు కోట్లు వేసుకుని అవే మాటలు అరుస్తుంటే నాకూ అంతే విసుగొచ్చింది.

మా వైపు ఊడ్పులకు ఒక పద్ధతి ఉండేది. పొద్దున్న పీకిన నారంతా నాటేదాకా, చీకటి పడినా సరే, ఆడవాళ్లు గట్టెక్కరు. అందుకు మధ్యలో టీ, ఉప్మా రైతు ఇంటి నుంచి వెళ్లాలి. ఆ ఏడు తాతయ్య గట్టు మీద నిలబడి, "రేటంటే రేటేనమ్మా. ఉప్మా కూడా పెట్టమని గవర్నమెంటు చెప్పలేదు" అన్నాడు.

కూలీల ముఠా పెద్దావిడ వంచిన నడుం ఎత్తకుండానే, "ఆయ్, అలాగేనండి బాబుగారూ" అంది.

సాయంత్రం రైసుమిల్లు కూత వినబడగానే అందరూ గట్టెక్కి కాళ్లు కడుక్కున్నారు. సగం చేను ఖాళీ. నారు కట్టలు నీళ్లలో తేలుతున్నాయి.

"ఏంటిది? మిగతాది ఎవరు నాటుతారు?"

"టైమయిపోయిందండి. చీకటిదాకా చెయ్యమని గవర్నమెంటు చెప్పలేదు కదండీ. రేపు మీ తమ్ముడుగారి చేను ఒప్పేసుకున్నామండి."

తాతయ్య పరుగున ఇంటికొచ్చాడు. మామ్మ చేత గంగాళం నిండా జీడిపప్పు ఉప్మా చేయించి, తనే నెత్తిన పెట్టుకుని బురదలో నడిచాడు. ఆ ఘుమఘుమకు పట్టిసీమ కాకులన్నీ మా చేలో దిగాయి. చీకటి పడేలోగా చేనంతా పచ్చబడింది.

సరే, గంగాళం దగ్గర్నుంచి నేను కల్పించాను. మామ్మ పొయ్యి వెలిగించబోతే "ఆర్పెయ్" అన్నాడు తాతయ్య. ముఠా వెళ్లిపోయింది, నారు కుళ్లిపోయింది, సగం చేను ఆ పంటకు బీడే. దాన్ని ఊరందరికీ చూపించి, "చూశారా, చట్టం ఎలా ముంచేసిందో" అనేవాడు.

అందుకే కూలి పెంచి మునిగిపోయామని ఎవరైనా మొదలుపెడితే, ముందు ఉప్మా ఆపిందెవరండీ అని అడుగుతాను. దానికి నన్నే కోతలరాయుడంటారు.