తొలి శుభలేఖతో రెండు కోటలు దాటి

పెళ్ళికి ఇరవై రోజులు కూడా లేవు. శుభలేఖలన్నీ నా బీరువాలో ఉన్నాయి, తాళంచెవి నా కొంగున ఉంది. తొలి కార్డుకు నాలుగు మూలలా పసుపు రాసి అమ్మవారి దగ్గర పెట్టాకే మనుషులకు పంచాలి. మలయ్ దేశంలో మా రబ్బరు తోటలో అందరూ అలాగే చేసేవారు. మగపెళ్ళివారు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు. పెళ్ళికూతురు నా మనవరాలే, నా కూతురి కూతురు. దానికి ఓపిక అయిపోయింది.

"బ్రిక్‌ఫీల్డ్స్ గుడిలో పెడితే సాలదా అమ్మమ్మా? అక్కడా అమ్మోరే కద లా," అంది, ఇక్కడి పిల్లలందరిలా మాట చివర ఆ "లా" తగిలించి.

"ఆ అమ్మోరు మనల్ని ఎరగదు," అన్నాను.

మా అమ్మవారికి గుడి లేదు, బొమ్మ లేదు. ఒక రాయి, అంతే. మేమున్న తోటను కొట్టేసి పామాయిల్ చెట్లు వేసినప్పుడు మా నాన్న, ఇంకో నలుగురు కలిసి ఆ రాయిని మోసుకెళ్ళి కువాలా సెలంగోర్‌లో ఒక కోట గుట్ట కింద పెట్టారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. బడి మానేసింది కూడా ఆ ఏడే. నాన్న నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఒక్కసారి అక్కడికి తీసుకెళ్ళాడు. నేను పెద్దదాన్నయ్యాక దారి అడిగితే, "నది గట్టు పట్టుకోని నీళ్ళు పోయే వైపు పో. పెద్ద కోట దాటితే సిన్న కోట. దాని కిందే అమ్మోరు," అన్నాడు. మళ్ళీ నేను ఎప్పుడూ వెళ్ళలేదు.

వెళ్ళవలసిన రోజు ఒకటి వచ్చింది, నా కూతురి పెళ్ళప్పుడు. ఒక్క కార్డు కోసం ఒక పూట పని పోగొట్టుకోవడం దేనికని నేనే వద్దన్నాను. మా ఆయన రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. కార్డులన్నీ నేరుగా పంచేశాను. ఆ పెళ్ళి నాలుగేళ్ళు నిలిచింది. అల్లుడు వెళ్ళిపోయాక కూతురు సుంగై పెటానిలో ఫ్యాక్టరీ పనిలో చేరి పిల్లను పెంచింది. ఆ పిల్లే ఇప్పుడు పెళ్ళికూతురు. ఆ కార్డు సంగతి నేను వాళ్ళిద్దరితోనూ ఎన్నడూ అనలేదు. కానీ ఈ కార్డు విషయంలో మాత్రం తప్పు జరగనివ్వనని పట్టుపట్టాను.

గట్టు మీద కారు పోదు. సంతకు వెళ్ళే నా పాత సైకిలు నాకుంది. మనవరాలు స్నేహితురాలి దగ్గర గేర్ల సైకిలు తెచ్చుకుంది. పొద్దున్నే కువాలా సెలంగోర్ చేరి, వంతెన పక్కన నది గట్టెక్కాం.

"ఎటు అమ్మమ్మా?"

నదిని చూశాను. ఎండుటాకులు, ఒక ప్లాస్టిక్ సీసా ఎడమవైపుకు కొట్టుకుపోతున్నాయి.

"ఎడమకి."

"ఫోన్ కుడికి అంటాది."

"నీ ఫోను మా నాయిన్ని సూసిందేటి?"

అది నా వెనకే తొక్కింది. కాసేపటికి నన్ను దాటి ముందుకు పోయింది. గట్టుకు ఒక పక్క నది, ఇంకో పక్క పామాయిల్ చెట్లు. ఎంత తొక్కినా అవే చెట్లు, అదే బురద వాసన. పసుపు డబ్బా, కార్డు నా సైకిలు బుట్టలో ఉన్నాయి. గంట దాటింది. గుట్ట కనపడలేదు.

అప్పుడు నాకే అనుమానం మొదలైంది. నాన్న తీసుకెళ్ళిన రోజు నది నాకు ఏ పక్కన ఉంది? ఎదురుగా ఉన్నట్టు గుర్తు. ఎదురుగా నది ఉంటే సైకిలు ఎలా పోతుంది? కడ్డీ మీద పక్కకు తిరిగి కూర్చున్న పిల్లకు ఎదురుగా కనపడేదంతా నిజానికి పక్కన ఉండేదే కదా అని తట్టింది. అయితే ఏ పక్కకు తిరిగి కూర్చున్నాను? సైకిలు దిగి, కడ్డీ పట్టుకుని, ఇటు ఒకసారి అటు ఒకసారి తిరిగి చూసుకున్నాను.

"ఏటి సేస్తన్నావు అమ్మమ్మా?" అంది మనవరాలు, సైకిలు ఆపి.

"కూకోటం గుర్తు సేసుకుంటన్నాను."

కొంచెం దూరంలో పడవల రేవు దగ్గర ఒక మలయ్ ఆవిడ వల బాగుచేసుకుంటోంది. కోటలు ఎక్కడని మలయ్‌లో అడిగాను. మేము వచ్చిన దారివైపే చెయ్యి చూపించింది. నీళ్ళు ఇటే పోతున్నాయి కదా అన్నాను. ఆవిడ వల పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది.

"ఇప్పుడు పోటు, మక్‌చిక్," అంది, అత్తా అన్నట్టు. "సముద్రం నీళ్ళు లోపలికి ఎక్కుతున్నాయి. మధ్యాహ్నానికి అటు తిరుగుతాయి. రోజూ అంతే."

డెబ్భై ఏళ్ళు వస్తున్నా, నది ఒకే వైపు పోతుందనుకున్నాను. తోటలో పుట్టినవాళ్ళం. మాకు తెలిసిన నీళ్ళు మా ఇళ్ళ వరస చివర కుళాయి నీళ్ళు. నాన్నకైనా ఈ పోటు సంగతి తెలుసో లేదో, తెలిసీ నాకు చెప్పడం మరిచిపోయాడో.

మనవరాలు నవ్వు ఆపుకోలేకపోయింది. "ఫోన్ ముత్తాతని సూడలేదు గానీ, దారి సూసింది లా," అంది. సైకిలు తిప్పాను.

ఎండ ముదిరాక పెద్ద కోట వచ్చింది. కొండ మీద చూడటానికి వచ్చిన జనం, గోడల మీద కోతులు. పైకి వెళ్ళి ఫిరంగులు చూసొద్దామంది మనవరాలు. సైకిళ్ళు తోసుకుంటూ ఎక్కాం. చిన్నప్పుడు చూసిన ఫిరంగి ఏనుగంత ఉండేదని నా గుర్తు. తీరా చూస్తే నా నడుము ఎత్తు కూడా లేదు. ఇది ఆ కోటేనా అని మళ్ళీ భయం పట్టుకుంది. అక్కడ నిలబడే ఓపిక లేక దిగిపోయాం.

చిన్న కోట గుట్ట దగ్గర ఎవరూ లేరు. చెట్ల మధ్య విరిగిన గోడ ముక్క ఒకటి. గుట్ట కింద గడ్డి తప్పించి చూస్తే మూడు రాళ్ళు. ఒకటి గుండ్రం, ఒకటి పలక, ఒకదాని మీద ఏదో అంకె చెక్కి ఉంది. సర్కారు వాళ్ళు భూమి కొలిచి పాతిన రాయిలా ఉంది అది. ఏ రాయి మీదా పసుపు లేదు. నేను డబ్బా పట్టుకుని ఒక రాయి నుంచి ఇంకో రాయికి తిరిగాను.

"ఏదో ఒక దానికి పెట్టేయి అమ్మమ్మా."

"ఏదో ఒక దానికి కాదే," అన్నాను. "మీ అమ్మకి పెట్టలేదు."

అప్పుడు చెప్పాను, పూట పని సంగతి, నేను వద్దనడం, అన్నీ. అది గడ్డిలో కూర్చుని విన్నది. ఫోన్ తీసి వాళ్ళ అమ్మకు చేసింది. నాకూ వినపడేలా పెట్టి, నేను చెప్పిందంతా ఒక్క ముక్కలో చెప్పేసింది. నాకు దాని చేతిలోంచి ఫోన్ లాక్కోవాలనిపించింది.

"ఆ కార్డా?" అంది నా కూతురు. "పెట్టినాను కదమ్మా. నాన్న సైకిలు మీద తీసికెల్లినాడు. నీకు తెలిస్తే తిడతావని సెప్పొద్దన్నాడు."

"ఏ రాయి దగ్గర?"

"అది నాన్నకీ తెల్దు. మూడిటికీ పసుపు రాసినాడు. కార్డు మజ్జిన పెట్టినాం."

నేను రాయి మీదే కూర్చోబోయి, తప్పని లేచాను. ఇన్నేళ్ళు నేను చెయ్యని తప్పు మోశానా? పోయిన మా ఆయన్ని, నాకు చెప్పకుండా ఎందుకు తీసుకెళ్ళావని ఎలా తిట్టను? పోనీ, కార్డు పెట్టారే అనుకుందాం. మరి అల్లుడు ఎందుకు వెళ్ళిపోయాడు? తేలికపడాలో, కోప్పడాలో, ఏడవాలో తెలియలేదు.

"అయితే ఇప్పుడు పెట్టాలా, వద్దా?" అంది మనవరాలు.

"నన్నడగొద్దు. నీ పెళ్ళి."

అది డబ్బా తీసుకుంది. మూడు రాళ్ళకూ వేలితో పసుపు రాసింది, అంకె ఉన్న దానికి కూడా. కార్డు మధ్యలో పెట్టి, గాలికి పోకుండా గులకరాయి బరువు పెట్టింది. ఏ రాయివైపు తిరగాలో తెలియక నేను మూడింటికీ మధ్యలోకి చూస్తూ చేతులు జోడించాను.

ఫోన్ ఇంకా ఆపలేదు. "పెట్టినారా?" అంది నా కూతురు.

"పెట్టినాం," అన్నాను.

"నా పేరు మీదా ఒక దణ్ణం పెట్టమ్మా."

"ఏటని పెట్టమంటావే?"

అవతల ఫ్యాక్టరీ చప్పుడు వినపడింది.

"నాకూ తెల్దమ్మా," అంది. "ఊరికినే పెట్టు."

అలాగే పెట్టాను.